గూడ్సు బండి రెండైన రోజు

— అమ్మమ్మా, స్టేషన్లో గూడ్సు ఆగి ఉంటే ఊరంతా దాని కిందనుంచే దూరి పోతారు. మోకాళ్ళు పట్టేసినా నువ్వొక్కదానివీ మెట్లెక్కి ఆ వంతెన మీంచే వస్తావు. ఎందుకలాగ?

ఇన్నాల్లకి అడిగినావు. ఆ టేపు పెట్టీసినావా? మరైతే కూకో. ఆ కందికాయల గంప ఇలగ జరుపు, ఒలుసుకుంటా సెప్తాను. సేతులూరికే ఉంటే నాకు మాట రాదు.

మెట్లెక్కడం నాకేటి సరదానా? ఒకో మెట్టుకీ పానం లెగిసిపోద్ది. అయినా ఎక్కుతాను.

నాను కాపరానికొచ్చేసరికే ఈ లైనుంది. మా అత్త, అదే మీ తాత కన్నతల్లి, ఆవిడ సోడిసేను, అదే రాగిసేను, దాని మధ్యలోంచి ఏసీసినారంట. సగం ఇంటేపు ఉండిపోయింది, సగం అవతలేపు. ఇస్కూలు, ఆస్పత్రి, సంత, మన పెద్దల్ని కప్పెట్టి రాల్లు పాతిన జాగా, అన్నీ అవతలే. ఎక్కడో పడమటి కొండల్లో ఇనపరాయి తవ్వి, ఇలగ ఇశాపట్నం ఓడలకి తోలీవోరు. ఎదురు బండి ఒచ్చీదాకా గూడ్సుని ఇక్కడ పక్క పట్టాల మీద, లూపులైన్లో నిలబెట్టీవోరు. ఒకోపాలి పూటంతా కదిలీది కాదు. బండి ఒక కొస సొరంగం నోటికాడ, రెండో కొస లోయ మీద వంతెనకాడ. సుట్టు తిరిగి పోదామంటే దారేది? రాయికి సిగ్నలుంది, మనిషికి నేదు. బండి కిందనుంచి గంప ముందుకి తోసి, దాని ఎనకాల మనం. కడుపుతో ఉన్నోల్లు దూరినారు. పలకలట్టుకుని పిల్లలు దూరినారు. మీ అమ్మ అలగే సదువుకున్నాది.

టేసనంటే అప్పుడేటుంది, ఇంటేపు మాస్టరు గది, అవతలేపు కొన్ని కోటర్లు, నీల్ల టాంకీ, ఒక టీ బడ్డీ. మాస్టరు బెంగాలీ ఆయన. ఇంకో రెండు మూడు ఇల్లు ఆల్లోల్లే. ఆదివారం పాసింజరుకి కిందనుంచి సేపల బుట్ట ఒచ్చీది. ఆ బెంగాలీ ఆడోల్లు బండి ఆగకముందే నిలబడీవోరు. ఆవనూనె కాగితే ఆ ఘాటు మన ఊరిదాకా కొట్టీది. దసరాలకి కలకత్తా జనం దిగీవోరు అరకులో, సలి రాకముందే కోతిటోపీలు ఏసుకుని. డజను సీతాపలాలు మూడు రూపాయలంటే రూపాయన్నరకి అడిగీవోరు. నాను కూడా ఊరుకునీదాన్ని కాదు, ఆల్ల బాసలోనే 'నా నా' అనీదాన్ని. అంటే కాదు కాదని. సరే, అది ఒదిలీ. ఎక్కడున్నాం?

ఆఁ, మాస్టరు పెల్లాం. పొద్దుగూకితే శంకం ఊదీది. మొదటిపాలి ఇన్నప్పుడు మా అత్త, 'కోటర్లలో ఎవరో పోయినారే' అని పరుగెట్టుకెల్లినాది. కింద దేశంలో సావుకి కదా ఊదుతారు. ఎల్లి సూస్తే ఆవిడ దీపం పెట్టుకుంటంది. నిండు సూలాలు. తల్లి దగ్గర నేదు, అత్త దగ్గర నేదు. పురుడొచ్చినాక మా అత్తే రోజూ పొద్దున్న ఎల్లి, కాల్లు బారసాపి, ఆ గుంటని కాల్ల మీద ఏసుకుని, నూనె రాసి నీల్లు పోసీది. ఆవిడకి మన మాట రాదు, ఈవిడకి ఆల్ల మాట రాదు. అయినా మా అత్తని 'మాసీ' అని పిలిసీది. మాసీ అంటే పిన్ని. కొండోల్లని ఆ రోజుల్లో 'ఏయ్' అనీవోరే గానీ వరస పెట్టి ఎవరు పిలిసినారు?

ఒక పొద్దు మా అత్త ఆ గుంటకి నీల్లు పోసీసి తిరిగొస్తంది. బండి కింద సగంలో ఉంది. కూత నేదు, ఏటీ నేదు. బండి కదిలీసింది. అత్త పట్టాల మధ్యన బోర్లా పడిపోయింది. పెట్టెలు మీంచి పోతన్నాయి. ఏదో ఇనుము ఒరుసుకుని ఈపంతా సీరీసింది. పానం పోనేదు, నడుం పోయింది. అప్పటికాడ్నించీ ఆవిడ నిటారుగా నిలబడ్డం నాను సూడనేదు.

మంచంలో పడి మీ తాతనీ నన్నూ పిలిసింది. 'నా సేను మీద నానే వంగి వంగి బతికినాను. సచ్చినాక ఒంచకండి. ఆ బండి కిందనుంచి నన్ను ఒట్టుకెల్లకండి' అన్నాది. ఇద్దరి సేతా ఒట్టేయించుకున్నాది.

అలగే రెండు మూడేల్లు ఈడ్సి, సోడి కోతలప్పుడు పోయింది. తుడుం కొట్టుకుంటా పాడె ఎత్తి లైనుకాడికి ఎల్లేసరికి, ఏటుందీ, గూడ్సు. ఈ కొసనుంచి ఆ కొసదాకా నల్లటి గోడలాగ.

మీ తాత పాడె దించనేదు. పాడె రెండో కొమ్ము మోస్తన్న మా మరిది సుక్కన్న నాకేసి తిరిగినాడు. 'వదినా, కిందనుంచి జరిపీద్దాం. ఒక్క నిమిషం పని. పొద్దు వాలిపోతంది.'

'నీకు నడుం బానే ఉంది కదా సుక్కన్నా. మోయగలిగితే మొయ్యి, నేకపోతే ఇంకోడికిచ్చి కూకో' అన్నాను.

మాస్టరు ఒచ్చినాడు. 'మాసీ, సిగ్నల్ లేదు. నేను ఏం చేస్తాను?' నన్నూ మాసీ అనే అనీవోడు.

'బండి రెండు సెయ్యి బావూ. పెట్టె సెడిపోతే ఇడదీస్తారు, నాను సూణ్ణేదా? కొక్కెం ఎత్తి ముందు సగం కూసింత లాగించు. మేం ఎల్లిపోతాం.'

'అడగకుండా చేస్తే నా ఉద్యోగం పోతుంది మాసీ.'

అబద్దం ఆడనేదు ఆయన. పిల్లలున్నోడు. అయినా నాకు ఒల్లు మండిపోయింది. 'నీ ఉద్దోగం నిలబడాల, మా అత్త వంగాల. అంతేనా బావూ?' అనీసినాను.

అప్పుడొచ్చింది ఆయన పెల్లాం, అవతలనుంచి బండి కింద దూరి, గుంటని సేత్తో పట్టుకుని. సెప్పులు దూరంగా ఇప్పీసింది. పాడె దించమని సైగ సేసింది. ఎవరి మాటా ఇనని మీ తాత దించినాడు. మా అత్త కాల్ల మీద సెయ్యేసి అలగే కూకున్నాది ఆవిడ. తరవాత మొగుడికేసి సూసి ఆల్ల బాసలో ఏదో అన్నాది. గట్టిగా కాదు. ఆయన తల దించుకుని గదిలోకి ఎల్లిపోయినాడు. పోనులో అరుపులు ఇనపడినాయి. ఇందీలో అరిసినాడు, ఇంగిలీసులో అరిసినాడు, ఆకరికి బెంగాలీలో కూడా అరిసినాడు. అవతలోడికి అది అర్తమయ్యిందో నేదో మరి.

బైటికొచ్చి గార్డుని పిలిసినాడు. గార్డు గొణుక్కుంటా ఒచ్చినాడు. 'నా సర్వీసులో పీనుగు కోసం బండి తెంచలేదు.'

'ఈయేల నేర్సుకో బావూ' అన్నాను. నవ్వీసినాడు పాపం.

పైపులు ఇప్పినారు, బుస్సుమని గాలి పోయింది. కొక్కెం ఎత్తినారు. ఇంజను కూతేసి ముందుకెల్లింది. అంత గోడా మధ్యకి ఇడిపోయి, ఈదంత సందు ఒచ్చినాది. ఆ సందులోంచి అవతల సోడిసేను కనపడింది. మా అత్తదే, రెండో సగం.

మోసినోల్లు ఒక్కడూ తల దించనేదు. నడుసుకుంటా ఎల్లిపోయినాం. ఆ సాయంత్రం కోటర్లలో శంకం ఊదనేదు.

తరవాతెప్పుడో ఆవిడని అడిగినాను, ఆ రోజు మీ ఆయనకి ఏటి సెప్పినావమ్మా అని. అప్పటికి తెలుగు కొంచెం ఒచ్చింది. 'మాసీ నడుం మన ఇంటికి వస్తూ పోతూనే కదా విరిగింది, అన్నాను. అంతే' అన్నాది.

ఆ ఏడే ఆల్లకి బదిలీ అయిపోయింది. దానికే పంపించీసినారని కొందరన్నారు. నాకు తెలీదు. ఎల్లేటప్పుడు గుంట సేత నా కాల్లకి దండం పెట్టించింది.

ఆ సందు సూసినాకే మాకు తెలిసొచ్చింది. పీనుక్కి దారివ్వగలిగినోల్లు బతికున్నోల్లకి ఎందుకివ్వరు? మనుసులు దాటడానికి మెట్ల వంతెన కట్టాలని ఆడోల్లం గంపలు దించి పాసింజరు ముందు పట్టాల మీద కూకున్నాం. పోలీసులు జీపెక్కించి తీసుకెల్లినారు, సాయంత్రానికి ఒదిలీసినారు. మల్లీ కూకున్నాం. పాసింజరు ఆగితే ఎక్కడెక్కడోల్లో ఒచ్చి ఏటమ్మా మీ బాద అని అడిగినారు. మా అత్త నడుం ఇరిగినప్పుడు ఒక్కడూ రానేదు. మంత్రులొచ్చినారు, ఎల్లినారు. ఏల్లు పట్టింది ఆ మెట్లకి. మీ తాతని ఆ వంతెన మీంచే మోసుకెల్లినాం. నిటారుగా.

అందుకే ఎక్కుతాను. సాలా?

మరిప్పుడు నువ్వు సెప్పు. మొన్న కాలేజీకి పాసింజరు అందదని గూడ్సు కింద దూరినావంట. ఎవరు సెప్పినారో అడక్కు. తల దించుకుంటావేటి? నాను తిట్టడానికి సెప్పనేదు ఇదంతా. బేగి ఎల్లాలంటే బేగి లెగు. పాసింజరు ఎల్లిపోతే రేపొస్తాది.

ఆ టేపాపు. సల్లగుండు తల్లీ. పెద్ద సదువు సదువు. ఎవడి బండి కిందా నడుం ఒంచకుండా బతుకు. లెగు, బండి టైమయిపోతంది. ఆ మెట్లెక్కి ఎల్లు, నానిక్కడే కూకుని సూస్తంటాను. పైకెక్కినాక ఒక్కపాలి ఇటు తిరుగు. నువ్వు కనపడితే సాలు, నా కందికాయలు నాను ఒలుసుకుంటా...