బాయి చెవులు, వడ్రంగి పిట్ట

"తాతా, రామగిరి గుట్ట మీద ఏం జేసినవే? లావణ్యక్కను అడుగుతే నవ్వుడే గని చెప్తలేదు."

నవ్వదా మరి! కూసో బిడ్డా, చెప్త. నా మనుమరాలు లావణ్యకు పిట్టల పిచ్చి గదా. బడిల పాఠాలు చెప్పుడు, ఐతారమైతే మెడల దుర్భిణి ఏసుకొని గుట్టలెక్కుడు. హోళీ దాటినంక, మోదుగు పూలు ఇంక రాలలే, "తాతా, నువ్వు సుత రా" అన్నది. నాకు పిట్టలేం తెల్సు? ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసినోణ్ని. గప్పుడు కాంటీన్ల ఛాయ్ పావలా... కాదు, అర్ధరూపాయి. అది ఇడువు.

ఓ వడ్రంగి పిట్ట ఉన్నదట. ఈపు బంగారమట, నెత్తిన ఎర్రకుచ్చట. మూడు ఐతారాల సంది దాని సప్పుడు ఇంటున్నది గని పిట్ట కనవడుతలేదు పిల్లకు. ఓ ఒంగిన బండ కింద సప్పుడు చెయ్యక కూసున్నం. నాకు జెర కునుకు వట్టింది.

టక్... టక్‌టక్.

నువ్వు బాయిల దిగలే, నీకు తెల్వది. కింద కప్పు కూలకుండ కట్టెలు నిలవెడ్తరు. కప్పు దిగేముందు గా కట్టెలు పలుకుతయి, అచ్చం గట్లనే. ఇన్నోడు ఎనకకు సూడొద్దు, ఉరుకాలె. నేను గట్లనే బతికిన. ఇగ కండ్లు తెరిస్తే నెత్తి మీద బండ! "కప్పు దిగుతున్నది, ఉరుకు!" అని ఒర్లి, లావణ్య రెక్క గుంజుకొని కిందికి ఉరికిన. పిల్ల అప్పుడే పిట్ట దిక్కు దుర్భిణి ఎత్తిందట. పిట్ట బుర్రుమనె.

"తాతా, గది పిట్టనే" అన్నది. కోపం జెయ్యలే, మొకం అటు తిప్పుకున్నది. తిట్టినా బాగుండు. సిగ్గుతోని సచ్చిన బిడ్డా.

"ఉండు, నేనే పట్టిస్త" అన్న. కండ్లు మూసుకున్న. బాయిల దీపం ఆరితే చెవులే కండ్లు. శానసేపటికి, కింద ఎడమ దిక్కు... టక్.

"పద" అన్న గని కాళ్ళు కదలయి. ఇచిత్రం సూడు, పిట్ట అని ఎరుకే, అయినా కాలు ఎనకకే గుంజుతది. లావణ్య చెయ్యి వట్టుకున్నది. ఒక్కో అడుగు ఏసుకుంట పోయినం.

మద్ది చెట్టుకు కనవడ్డది! పిచ్చిపిల్ల, దుర్భిణి ముందుగాల నా కండ్లకే పెట్టింది. అది కొట్టుడు, ఆగుడు, ఇనుడు. పురుగు కోసం డొల్ల ఏడున్నదో సూస్తదట. మేము బాయిల కప్పును కట్టెతోని కొట్టి సూసుడు గట్లనే గదా! దానికి ఎవ్వలు నేర్పిన్రు? గంతగనం కొడితే తల నొయ్యదా? లావణ్యకు సుత తెల్వదట, అడిగి చెప్తనన్నది.

సల్లగుండు బిడ్డా. సప్పుడైతే ఉరికే పని నీకు రావద్దు. నాకు డెబ్బై ఏండ్లకు దొరికింది, దగ్గరికి పోయి సూసుడు...