గోడ మీద వంతులు

ఏం రాసుకుంటావు పాపా? రెండువేల ఇరవై ఐదు, ఎండకాలం. కంబదూరు పక్కన పదకొండు బోర్లకు ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అంతే కదా? దానికి ఇంత ఎండలో వచ్చి ఈ ఈశ్వరప్పను కూర్చోబెట్టాలా?

నీ పెట్టె చెడ్డదని నేననలేదు. నెల దినాలు నా ఒక్కని చీనీ తోటలో, అదే మీ బత్తాయి తోటలో, పెట్టి చూసినావు. మన్నులో తడి అదే చూసె, మోటారు అదే ఏసె, అదే ఆపె. 'తాతా, మోటారు ఆన్ చేసినా' అని ఫోన్లో చెప్పె. ఏఐ ఏజెంటు అంటివి. మాకు తెలిసిన ఏజెంటు మండీలో కమీషన్ తినేవాడు! ఇది టీ కూడా అడగదే అని నవ్వుకుంటిమి.

ఒక తోటలో బాగుండాది కదా అని పదకొండు తోటలకూ ఒకే దినం బిగిస్తివి. మర్నాడు ఐదు గంటలకు కరెంటు వచ్చె. ప్రతి పెట్టెకూ అదే మంచి టైమని తోచె. పక్కన ఇంకో పెట్టె ఉండాదని ఒకదానికన్నా తెలిస్తే కదా! పదకొండు మోటార్లూ ఒక్కసారే లేచె. లోడు తట్టుకోలేక ట్రాన్స్‌ఫార్మర్ దబ్బుమనె. నూనె కాలిన పొగ ఊళ్ళోకి వచ్చె.

ముందెందుకు కాలలేదంటావా? ముందు మనుషులు ఏసేవాళ్ళు పాపా. మొదట మారెక్క. ఆమెది గరుగు నేల, నీళ్ళు నిలవవు, రెండేండ్ల మొక్కలు. ఆమె మోటారు సద్దు వినిపించినాక లింగన్న. తర్వాత తక్కినోళ్ళు. కడాకు నేను.

నీకెవురూ చెప్పలేదంటావా? వాళ్ళకు అది చెప్పాల్సిన సంగతని తోస్తే కదా చెప్పేది! పొద్దున మొగం కడుక్కున్నట్ల, అలవాటు.

నన్ను అడిగినావా? ఔను, అడిగినావు. 'మోటార్లు ఏసేదానికి ఏమన్నా వరస ఉందా తాతా?' అని. 'ఏం వరస, కరెంటొస్తే ఏస్తాం' అంటి.

ఉండు, ఇది రాయొద్దు... సరే, రాయి.

ఆ వంతులు నా మోటారు రూము గోడ మీద సుద్దముక్కతో రాసిండేది. రాసింది నేనే. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుని, పదిమందికీ పనికొచ్చేటట్ల నేను రాసింది అదొక్కటే. ఏడాదికోసారి తుడిచి మళ్ళా రాసేది. ఎవురికి తగువొచ్చినా ఆ గోడ కాడికే వచ్చేవాళ్ళు. నీ పెట్టె వస్తే నన్నెవురు అడుగుతారు? చెడనీ, అప్పుడు నా దగ్గరికే వస్తారు అనుకుంటి. నువ్వు మొదటి పెట్టె తెచ్చే ముందుదినం తడిగుడ్డ పెట్టి తుడిచేసినా.

అట్ల చూడొద్దు పాపా.

ఈసారి దానికి నేర్పు. ఒకటి లేచినాక రెండోది కొంచేపు ఆగాల. తెలియకుంటే మనిషిని అడగాల. ఆ మనిషి చెప్పింది నిజమేనా అని ఇంకో నలుగుర్ని అడగాల. నా మాదిరోళ్ళు ఊరికొకరు ఉంటారు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పదమూడు దినాలకు వచ్చింది. మా పెద్ద చెట్లు కాయలు రాల్చుకుని బతికినాయి. మారెక్క మొక్కలు నూటపద్నాలుగు. అన్నీ ఎండిపోయినాయి.