నల్లగింజల రేతెష్

జెద్దాలో ఒక ఇంటి వంటగది. శుక్రవారం మధ్యాహ్నం, హాలు నిండా చుట్టాలు. అందరూ మామా అని పిలిచే ఇంటి పెద్దావిడను చూడ్డానికి హంగేరీ నుంచి ఆమె చెల్లెలొచ్చింది. వంటమనిషి బీబీజాన్‌ది కడప. ఆమె మాట మీద ఈమధ్యే పనిలో చేరిన పుష్పది కోనసీమ. పుష్ప చేతులు సింకులో ఉన్నాయి, ప్రాణం హాల్లో ఉంది.

"నిజం చెప్పు పుష్పా. ఆ రేతెష్ మిఠాయి చుట్టల్లోపల ఏం పెట్టినావు?"

"చెప్పేను కదక్కా. మామా చెప్పిందే పెట్టేను."

"ముసలామె ఏం చెప్పింది?"

"మాక్ అంది."

"మాక్ అంటే? నేనొచ్చేసరికే ఆమె చేతులు వణుకుతాండె. ఒక్కసారి కూడా చేసింది ల్యా. నాకేం తెలుసు?"

"నల్లగా, సన్నగా ఉంటాయంట. వాళ్ల హంగేరీలో అవి లేకుండా పండగే లేదంట. కూతురు ఖాలిదా మేడమ్ ఫోన్లో బొమ్మ చూపించింది. ఎక్కడ దొరుకుతాయో మాత్రం తన్ను అడగొద్దంది."

"బొమ్మలో ఏముండె?"

"అక్కా, ఆ ప్లేటిలా ఇవ్వు, కడిగేస్తాను."

"ప్లేటు తర్వాత. బొమ్మలో ఏముండె?"

"గసగసాలు."

"యా అల్లా!"

"మెల్లగా అక్కా!"

"ఏమే, బుద్ధుందా నీకు? మనూర్లో కూరలో ఏసేటివి గానీ, ఈ దేశంలో అవి మత్తుమందు లెక్క. చిటికెడు దొరికినా జైలే! అందులోనా ముసలామె అల్లుడు, మన సారు ఎవరు? ఎయిర్‌పోర్టులో పెట్టెలు తెరిపించే ఆఫీసరు! ఆయప్ప ప్లేట్లోనే పెట్టినావా?"

"పెట్టలేదక్కా! వినవేం? ఆ సంగతి తెలీక షరఫియాలో మస్తాన్ బాబాయి కొట్టుకెళ్లి, గసగసాలు పావుకిలో ఇవ్వు బాబాయ్ అన్నాను."

"అందరి ముందరా?"

"ఆయ్. కొట్టు నిండా జనం. అంతా నావైపు తిరిగేరు. బాబాయి రెండు చేతులూ జోడించి, నా పిల్లలు చిన్నోళ్లు తల్లీ, వెళ్లిపో అన్నాడు."

"నవ్వొద్దు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తాది. మరేం పెట్టినావు?"

"నల్ల నువ్వులు. దోరగా వేయించి, నూరి, పాలల్లో పంచదారేసి ఉడికించేను. నిమ్మతొక్క కోరి, కిస్‌మిస్ కలిపేను."

"ముసలామెకు చెప్పినావా?"

"టీ పెట్టమంటావా అక్కా?"

"చెప్పలేదన్న మాట."

"ఎలా చెప్పను? వారం నుంచీ నా చేతులు పట్టుకుని పిండి సాగదీయడం నేర్పింది. టేబుల్ నిండా దుప్పట్లా పరుచుకోవాలంట. కింద పేపరు పెడితే అక్షరాలు కనపడాలంట. మా పూతరేకులు ఇంతకన్నా పల్చన మామా అంటే నా నుదుటి మీద ముద్దెట్టుకుంది. పైన పాకం అద్దంలా మెరిసే దోబోష్ కేకంట, రోకలికి చుట్టి నిప్పుల మీద కాల్చే కుర్తోష్ అంట, ఒకటే కబుర్లు. లోపలి పూర్ణం మాత్రం నువ్వే చూసుకో అంది. అంత సంబరంలో ఉన్న మనిషికి నువ్వులని ఎలా చెప్పను?"

"ఇప్పుడు చెల్లెలు చెప్తాది! పుట్టినప్పట్నించీ అవే తిన్న మనిషి. ఇన్నేండ్లకు అక్కను చూడనొచ్చింది. అల్లుని ముందర, మనవళ్ల ముందర ఇదేం తిండక్కా అంటే ముసలామె మొగం యాడ పెట్టుకుంటాది? నిన్ను పెట్టించిన నేను యాడ పెట్టుకోవాల?"

"అక్కా, హాల్లో మాటలాగిపోయాయి."

"తింటాండారు."

"ఇంకా ఆగిపోయే ఉన్నాయి."

"గమ్మునుండు, విననీ. ఎవరో నవ్వినారు."

"చెల్లెలుగారే."

"నవ్వా, ఏడుపా?"

"రెండూనేమో. అక్కా, చేతికర్ర చప్పుడు! మామా ఇటే వస్తుంది. నువ్వు చెప్పవా?"

"నేనా? నువ్వులు నూరింది నువ్వు!"

ఇలోనా మామా లోపలికి వచ్చి తలుపు మూసింది. ఎప్పుడో నర్సుగా వచ్చి ఇక్కడివాణ్ణే పెళ్లాడిన మనిషి, మాట్లాడేది అరబ్బీలోనే.

"పుష్పా, లోపల ఏం పెట్టావు?"

"తప్పయిపోయింది మామా. సిమ్‌సిమ్. నువ్వులు. మాక్ అడిగితే కొట్టులోంచి పొమ్మన్నారు."

"మా చెల్లి మార్గిత్ ఒక ముక్క కొరికి నా చెవిలో అడిగింది, ఇది మాక్ కాదు కదా అని."

"మీరేమన్నారు మామా?"

"నోరు మూసుకుని తినవే అన్నాను. రెండోది తీసుకుంది. మూడోది చేతిసంచీలో దాచుకుంది."

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు? ఈ దేశంలో నాకు మాక్ ఎవరిస్తారు? కాపురానికొచ్చిన నాటినుంచీ నేను పెట్టిందీ నువ్వులే."

"యా అల్లా! ముందే చెప్పుంటే ఏం పోయె మామా? ఈ పిల్ల ప్రాణం పోయింటే?"

"ఖాలిదా పక్కనే ఉందిగా, ఎలా చెప్పను? నా పిల్లలంతా అది మాక్ అనే నమ్ముతారు. మీరూ గట్టిగా అనకండి. మా అల్లుడి చెవిన అసలే పడకూడదు."

"నువ్వులే కదా మామా! సారుకు తెలిస్తే ఏమవుతుంది?"

"నా చేతులు బాగున్నన్నాళ్లూ దొంగసరుకనుకుని, కిటికీ పరదాలు దించి మరీ తిన్నాడు పాపం, ఇవాళా దించాడు. ఇప్పుడు నాలుగో ముక్క నడుస్తోంది. వట్టి నువ్వులని తెలిస్తే ఇంకేం తింటాడు!"