ఎడారిలో అబ్కర్ పెట్టిన కేక

"గొప్పలు చెప్పుకునే మనిషిని కాను నేను. మన నియాలా ఊళ్లో బజారంతా ఎరుగును ఆ సంగతి. కల్తూమక్కా, ఆ అల్లం కాఫీ ఇలా అందుకో, చెప్తాను.

గల్ఫ్‌లో షాపింగ్ మాల్‌కి కాపలా అని తీసుకెళ్లారా నన్ను? విమానం దిగి చూస్తే లిబియా ఎడారి! చేతిలో తుపాకీ పెట్టి, చమురు బావి చూపించి, 'ఇదే నీ మాల్' అన్నాడు కంపెనీవాడు. జెండా లేదు, చొక్కా మీద పేరైనా లేదు. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేనా? 'గేటెక్కడ?' అన్నాను."

"ఎడారిలో గేటేమిటయ్యా?" అని అబ్కర్‌ని అడిగింది టీకొట్టు కల్తూమా, బొగ్గులు విసురుతూ.

"లేకపోతే నేనే పెట్టించాను! ముందు ఒక డీజిల్ దొంగని పట్టుకున్నా. తర్వాత డ్రోను వచ్చింది. చెప్పు తీసి విసిరానంతే, రెక్క విరిగి కాళ్ల దగ్గర పడింది. దాన్ని బోర్లించి రొట్టెలు కాల్చుకున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతలి కంపెనీవాళ్లు పట్టపగలే మీదికొచ్చారు. నలభై బళ్లు. నలభై ఏమిటి, వెనకవి దుమ్ములో కనపళ్లేదు గానీ నాలుగొందలుంటాయి! మావాళ్లంతా పరార్. నేనొక్కణ్ణే దిబ్బెక్కి, ఛాతీ విరిచి, మన మాటలో ఒక్క కేక పెట్టాను. దిబ్బే పక్కకి జరిగింది! బళ్లన్నీ వెనక్కి తిరిగి, సముద్రంలో పడ్డాక గానీ ఆగలేదు!"

అందరూ పడిపడి నవ్వారు. చివరి పీట మీదున్న హారూన్ మాత్రం నవ్వలేదు. ఈమధ్యే ఊరికి తిరిగొచ్చాడు. ఎక్కడికెళ్లాడో ఎవరికీ చెప్పలేదు.

"బళ్లు మూడే," అన్నాడు. "మొదటిదాని మీద తుపాకీ దగ్గర నేనే ఉన్నాను. నన్ను కూడా కాపలా పనికనే తీసుకెళ్లారు, ఇంకో కంపెనీవాళ్లు."

అబ్కర్ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"అది కేక కాదన్నా. బావి పక్క గుంటలో ముడుచుకుని ఒకడు 'అమ్మా, అమ్మా' అని ఏడుస్తున్నాడు. మన మాటలో. నా వేలు మీట మీదే ఉంది. నొక్కలేకపోయాను. తుపాకీ ఇరుక్కుపోయిందని మావాళ్లకి అబద్ధం చెప్పి బండి తిప్పించాను. అది నువ్వేనని ఇప్పుడే తెలిసింది."

కల్తూమా విసనకర్ర ఆపేసింది. అబ్కర్ తలపాగా కొసతో మొహం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకుని,

"గట్టిగానే అరిచాను కదూ?" అన్నాడు.

హారూన్ పీట తెచ్చి అతని పక్కన వేసుకున్నాడు.

"చాలా గట్టిగా అరిచావన్నా. ఇంజన్ల చప్పుడులో కూడా వినపడింది."