గోదారికి లిమిట్ పెట్టిన ప్రభాకర్

దుమ్ముగూడెంలో జంపక్క చాయ్ బండి దగ్గర ఊరి నెట్ టవర్ కాపలాదారు ప్రభాకర్ మొదలుపెట్టాడంటే, గ్లాసులో చాయ్ చల్లారిపోతుంది గానీ మాట ఆగదు. ఆ రోజు అతని ఎదుట సోమ్లి నిలబడి ఉంది. బీడీలకు పోయే తునికాకు ఎండబెట్టే కల్లం ఆమె చేతి కింద నడుస్తుంది. ఆకు ఎండిందని వీడియో తీసి సొసైటీ సర్వర్‌కు పంపితేనే లారీ వస్తుంది. ఆ వీడియో తొమ్మిది ఎంబీలు. పొద్దుటి నుంచి పోవడం లేదు. గోదారి అవతల మబ్బు కమ్ముతోంది. ఆకు తడిసిందంటే ఊరి ఆడవాళ్ల నెల రోజుల కష్టం బూజు పట్టిపోతుంది.

"నా లిమిట్ జర పెంచు, ప్రభాకరన్నా," అంది.

"పెంచుడు ఎంతసేపు సోమ్లీ, ముందు ఇది విను. మన ఫోన్లకెళ్లి ఏదన్న సర్వర్‌కు పోవాల్నంటే నడుమ ప్రాక్సీ అని ఒక గేటు ఉంటది. ఆ గేటు కాడ మనిషికి రోజుకు ఇన్ని ఎంబీలని లిమిట్ పెట్టింది ఎవరు? నేనే. నీకు అయిదు, జంపక్కకు పది. మొన్న మా సూపర్‌వైజర్ బిడ్డ పెండ్లి వీడియో ఎక్కించిండు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? నా గేటు కాడ సగానికి తెగింది. జిలకర బెల్లం అవతలికి పోయింది, తాళి ఇవతలనే ఉన్నది. పిల్ల మూడు రోజులు తల వంచుకొనే కూసున్నది."

"మెడ పట్టేసి ఉంటది," అన్నాడు బల్ల మీద కూర్చున్న పగిడయ్య.

"పట్టేసింది. దవాఖానాకు తోలుకపోయిన్రు. గదేం చూసినవ్ మామా, పోయిన వానకాలం గోదారి ఎక్కుతాంటే దాని పేరు గూడ లిస్టుల రాసిన. గోదారి, నలభై మూడు అడుగులు. భద్రాచలం మెట్ల కాడ నీళ్లు టక్కున ఆగినయ్. ఎనకొచ్చే నీళ్లు, ప్రభాకర్ సారు లిమిట్ పెట్టిండట అనుకుంట మళ్లి పోయినయ్."

సోమ్లికి నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. "గోదారినే ఆపినోడివి, నాకు నాలుగు ఎంబీలు పెంచలేవా?"

ప్రభాకర్ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఆయనేం పెంచుతడు," అంది జంపక్క గిన్నె కడుగుతూ. "లిమిట్లు పెట్టింది ఖమ్మం ఇంజనీరు. ఈయన ఫోన్లున్నోళ్ల పేర్లు చదివి చెప్పిండు, అంతే. సున్నా అంటే హద్దు లేదనుకొని తన పేరు కాడ సున్నా ఏయించుకున్నడు. నాలుగు రోజులాయె, తన ఫోన్లకెళ్లి ఏదీ పోక హాజరు ఫోటో గూడ నా ఫోన్లకెళ్లే పంపుతున్నడు."

చెయ్యి తుడుచుకుని తన ఫోన్ సోమ్లికి ఇచ్చింది. సోమ్లి వీడియోను అందులోకి ఎక్కించి పంపింది. కాసేపటికి లారీ బయల్దేరిందని జవాబు వచ్చింది.

ప్రభాకర్ మెల్లగా జంపక్క దగ్గరికి జరిగాడు. "అక్కా, నా హాజరు..."

సోమ్లి ఫోన్ చూసింది. "ఒక్క ఎంబీనే మిగిలింది అన్నా. నీ మొఖం సగమే పోతది. పంపాల్నా?"