కంపెనీవోళ్లు నిన్నే అడిగిన్రు

గంటన్నర కూసోబెట్టిండు నన్ను, ఆ బీరు కంపెనీ ఆయన. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ, రెండో అంతస్తుల ఆఫీసు. ఫ్యాను తిరుగుతలేదు, మంచినీళ్లు తాగుతవా అని అడిగినోళ్లు గూడ లేరు. ఆఖరికి లోపలికి పిలిచి ఏమడిగిండో తెల్సా? సార్ రాలేదా మేడం అన్నడు.

ఎక్కడికి పోయినా గదే. సార్ ఏడి, సార్ ఫోన్ ఎందుకు ఎత్తుతలేడు, సార్‌తోనే మాట్లాడుతం. బార్ లైసెన్స్ నా పేరు మీద ఉందయ్యా, ఛాయాదేవి అంటే నేనే అని కాయితం తీసి సూపిస్తే, సూసి మళ్ల నా చేతుల పెడుతరు. అయినా సార్ వస్తే బాగుంటది అంటరు.

సార్ ఏమో ఇక్కడ, దమ్మాయిగూడల, ఈ మందు మాన్పించే సెంటర్ల. నలభై రోజులాయె. మీ ఆయన ఊరికి పోయిండా అంటే అవునన్న. ఏ ఊరు అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క ఊరు జెప్పిన. ఎవరికి ఏం జెప్పిన్నో ఇగ నాకే యాద్ లేదు.

అట్ల సూడకు సిరి డాడీ. పోయిన రెండు ఆదివారాలు ఎందుకు రాలేదని అడిగినవ్ గదా, గదే జెప్తున్న. జర పూర్తిగ విను.

నాచారంల టైర్ల దుకాణం మీద నువ్వు తీసుకున్న ఆ హాలు, తాళమేసి ఉంచితే కిరాయి ఏమన్న ఆగుతదా? కుర్చీలు వచ్చినయ్, లైట్లు పెట్టిన్రు, డీజే కోసమని చిన్న స్టేజీ గూడ కట్టించినవ్. లేనిదేంది? ఫ్రిజ్‌లు లేవు, గ్లాసులు లేవు, బయట వెలిగే బోర్డు లేదు. గవన్నీ కంపెనీవోళ్లే స్పాన్సర్ చేస్తరు, మనం అడుగుడే ఆలస్యం అన్నది ఎవరు? నువ్వే గదా.

అమ్మేసుకోరాదా అంటది మీ అక్క తారామణి. సగమైన బార్‌ను ఎవరు కొంటరు? హబ్సిగూడల పండ్లు పీకే డాక్టర్ కాడ పదకొండేండ్లు రిసెప్షన్ల కూసున్న. నీ మాట మీద ఆ నౌకరి ఇడిసిపెట్టిన. ఇప్పుడు నా కుర్చీల ఇంకో పిల్ల ఉన్నది. నన్ను సూసి, అపాయింట్‌మెంట్ ఉందా అక్కా అన్నది. ఎటు పోవాలె నేను?

అందుకే తిరిగిన. ముందుగాల విస్కీ కంపెనీ ఆమె కాడికి పోయిన, చంద్రిక అని. మర్యాదగనే మాట్లాడింది. మీ దగ్గరికి ఎలాంటి కస్టమర్లు వస్తారండీ అన్నది. మల్లాపూర్ ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లు, లేత్ మిషన్ల మీద పనిచేసెటోళ్లు, మన కాలనీల ఐటీ పిలగాండ్లు అని జెప్పిన. ఐటీ పిలగాండ్లను ముందు జెప్పాల్సి ఉండె. మొఖం మారింది ఆమెకు. మా బ్రాండ్‌కి అక్కడ సెట్ అవ్వదండీ అన్నది. పన్నెండు గంటలు మిషన్ కాడ నిలబడ్డోడు తాగితే మీ బ్రాండ్‌కు ఏమైతది అని అడగాలనుకున్న. అడగలేదు. దండం పెట్టి వచ్చిన.

ఆ తర్వాత కూల్‌డ్రింకుల ఏజెన్సీ సుధీంద్ర. నవ్వుకుంట మాట్లాడిండు. ఫ్రిజ్ ఇస్తాం మేడం, కానీ మా సీసాలు తప్ప ఇంకోటి పెట్టొద్దు అన్నడు. మరి బీరు ఏడ పెట్టాలె? బకెట్లలో ఐస్ వేసి పెట్టుకోండి అన్నడు. బార్ పెడుతున్ననా, పెండ్లి భోజనం పెడుతున్ననా నేను?

నవ్వకు. నాకు నవ్వు రాలేదు ఆ దినం. మెట్రో మెట్ల మీద కూసున్న.

గట్ల తిరిగి తిరిగి ఉప్పల్ ఆయన కాడికి పోయిన. కౌశల్ ఆయన పేరు. ఆ, మొఖం పక్కకు తిప్పినవ్. గుర్తుకొచ్చిండా?

సార్ రాలేదా అంటే ఊర్లె లేడని జెప్పిన.  ఆయన ఫోన్ తీసి, ఏమనుకోకండి మేడం అని ఒక ఫోటో సూపెట్టిండు. మన స్టేజీ. దాని మీద నువ్వు. అంగీ గుండీలు ఊడి, నోరు తెరిచి పండుకున్నవ్. సుట్టు ఖాళీ సీసాలు. ఓపెనింగ్ కోసమని వాళ్లు ముందుగాల ఇచ్చిన ఆరు పెట్టెలల్ల మూడు లేవు. పొద్దున పదకొండు గంటలకు తీసిన ఫోటో అది. కంపెనీ పేరున్న పెద్ద గొడుగులు పెట్టనీకి వాళ్ల మనుషులు వచ్చి సూసి, గొడుగులు ఎనుకకు తీస్కపోయిన్రట.

నాతోని ఏమన్నవ్ నువ్వు? కంపెనీవోళ్లు మోసం జేసిన్రు, ఒక్క సీసా పంపలేదు అన్నవ్. నేను నమ్మిన. ఫోన్ తీసుకొని నోటికొచ్చినట్టు తిట్టిన వాళ్లను. ఎవర్ని తిట్టిన్నో తెల్సా? ఆ కౌశల్‌నే. ఆయన ఆ దినం గూడ ఫోటో ముచ్చట ఎత్తలేదు.

ఎంత సిగ్గయిందో నీకు జెప్పలేను. లేచి వద్దామనుకున్న. లేవలేదు. ఊర్లె లేడు అన్నది అబద్ధం, మందు మాన్పించే సెంటర్ల పెట్టినం అని జెప్పిన. బయటి మనిషికి జెప్పుడు గదే మొదటిసారి. అప్పుడు లేచి ఆయనే నీళ్లు తెచ్చిచ్చిండు.

సార్ బాగై వచ్చినాక మాట్లాడదాం, తొందరేం లేదు అన్నడు. మంచోడే. నేనే ఒప్పుకోలేదు. సార్ రాడు అన్న. ఆ బార్ల అడుగు పెట్టడు, మీ సరుకుకు నాది జిమ్మేదారి అన్న. కాయితం అడిగి రాసిచ్చిన. నా భర్త ఉమాపతికి ఈ బార్‌తోని ఏ సంబంధం లేదు అని రాసి, కింద సంతకం పెట్టిన.

వాళ్లు పెట్టిన షరతు కాదు. ఎవ్వరు అడగలేదు. నేనే రాసిన.

రాసుడు నడుమ ఒక్కసారి గూడ ఆగలేదు. గదే నాకు భయమైంది.

కౌశల్ ఒప్పుకున్నడు, ఫ్రిజ్‌లు వస్తున్నయని సిరికి జెప్పిన. ఖుషీ అయితదనుకున్న. మమ్మీ, డాడీని మాన్పించనీకి అక్కడ పెట్టి, నువ్వు వేరేవోళ్ల డాడీలకు పోస్తవా అన్నది. పదహారేండ్ల పిల్ల. ఏం జెప్పాలె? దాని ఫీజు గూడ ఆ బార్‌లకెల్లే రావాలె అని ఎట్ల జెప్పాలె? 

ఓపెనింగ్ శుక్రవారం పెట్టిన. నువ్వు పెట్టిన పేరే ఉంచిన, బోర్డు మీద.

ఇంకోటి జెప్పాలె. ఇక్కడి డాక్టర్ నిన్ను గురువారమే పంపిస్త అన్నడు. బాగున్నడు, ఇగ ఇంటికి తీస్కపోవచ్చు అన్నడు. నేనే ఆఫీసు రూముల కూసొని బతిమిలాడిన. శనివారం దాక ఉంచుండ్రి సార్ అన్న.

కోపమొస్తే రానీ. నీ కండ్ల ముందట పెట్టెలు దింపి, తాగకు అని నిన్ను కాసుకుంట కూసునే ఓపిక నాకు లేదు.

శనివారం పదింటికి నేను, సిరి వస్తం. ఆటోల ఇంటికి పోదం. బట్టలు సదిరి పెట్టుకో.