ముక్కు పక్క మచ్చ, మార్త సిస్టర్ మాట

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ సందీప్ గారికి, వేదిక మీది పెద్దలకు, తాండూరు ఆసుపత్రి సిబ్బందికి, వికారాబాద్ నుంచి పొద్దున్నే రైలు పట్టుకొని వచ్చిన మిత్రులకు, ముప్పై నాలుగేళ్ల నర్సు ఉద్యోగం ముగించి ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా మార్త సిస్టర్‌కు నమస్కారం. నా పేరు రచన, మాది ధారూర్, విమానం నడుపుతాను. మైకు నాకు అలవాటే కానీ, మా ప్రయాణికులు ఇలా నా ముఖంలోకి చూస్తూ కూర్చోరు. (నవ్వులు)

రెండేళ్ల కిందట నాన్నను బీపీ చూపించడానికి ఇక్కడికి తీసుకొచ్చాను. సిస్టర్ ఆయన చేతికి పట్టీ చుడుతూ, నన్ను చూస్తున్నారు.

"ముక్కు పక్కకు గదేంది బిడ్డ?"

"మొటిమ, సిస్టర్. నాలుగు నెలలాయె. అప్పుడప్పుడు రక్తం వస్తది."

"నాలుగు నెలలుండే మొటిమను నేనెన్నడు చూడలే. పా, డాక్టర్ సాబ్ దగ్గరికి!"

నాన్న చేతికి పట్టీ అలాగే ఉండిపోయింది. (నవ్వులు)

ముక్క తీసి పరీక్షిస్తే చర్మ క్యాన్సర్ అని తేలింది. మెల్లగా పెరిగే రకం, భయం లేదన్నారు హైదరాబాద్ డాక్టర్లు. వారాల తరబడి మందు పూయవచ్చు, రేడియేషన్ ఇవ్వవచ్చు, కోసి తీయవచ్చు, ఆలోచించుకొమ్మన్నారు. కోస్తే గాటు పడుతుంది, పైగా మా ఆక్సిజన్ మాస్కు అంచు సరిగ్గా అక్కడే ఆనాలి. అంతకంటే పెద్ద గుబులు ఇంకొకటి. పైలట్లకు ఏటేటా వైద్య పరీక్ష ఉంటుంది, వచ్చిన జబ్బులన్నీ ఫారంలో రాయాలి, ఇది రాస్తే మళ్లీ ఎప్పుడు ఎగరనిస్తారో చెప్పలేం. మా నాన్న రాజేందర్ గారు, అదిగో రెండో వరుసలో ఉన్నారు, "గింత మచ్చకు ఫికర్ ఎందుకు? జర మందు పూసుకో, ఫారంల గియ్యన్ని రాయకు" అన్నారు. తల దించుకోకు నాన్నా! (నవ్వులు) నేనూ 'లేదు' అనే రాద్దామనుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సిస్టర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగారు.

"ఏది చేపిస్తే మొత్తం పోయిందని కాగితం ఇస్తరు?"

"కోస్తే. తీసిన ముక్క అంచులు గూడ పరీక్ష చేస్తరట."

"మరి సోచాయించుడేంది? కోయించుకో. ఫారంల ఉన్నదున్నట్టు రాయి. అబద్ధం రాసినవంటే మాత్రం నీ విమానం నేనెక్క."

కోయించుకున్నాను. రాశాను. నాలుగు నెలలు నన్ను ఎగరనివ్వలేదు. ఆ నాలుగు నెలలూ ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె ఫోన్ చేసేవారు. ఓదార్పు మాట ఒక్కటీ ఉండేది కాదు, "ఏం తిన్నవ్? ఎండల టోపీ పెట్టుకుంటున్నవా?" అంతే. ఆ రెండు ప్రశ్నల కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది, మాస్కు పెట్టి చూశారు, ఎక్కడా గాలి పోలేదు, ఎగరవచ్చని సర్టిఫికెట్ చేతికిచ్చారు. అమ్మకంటే ముందు సిస్టర్‌కే ఫోన్ చేశాను. "ఇంజక్షన్ ఇస్తున్న, జరాగి చెయ్యి" అని పెట్టేశారు. (నవ్వులు) పది నిమిషాలకు ఆవిడే చేశారు. హలో అన్నాను. అటునుంచి ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

సిస్టర్, రేపు పొద్దున నా వెనక నూట ఎనభై మంది కూర్చుంటారు. మీరెవరో వాళ్లకు తెలియదు, మీకు రుణపడ్డామనీ తెలియదు. వాళ్లందరి తరఫున, నా తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను. ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. పొద్దున్నే డ్యూటీ ఉంది, సెలవు.